అమాసనాడు ఆగిన నంబరు

మొన్నమొన్నటి దాకా మా అమ్మాయికి నా మీద ఉన్న ఫిర్యాదుల్లో పెద్దది నా ఫోను. రిటైరై జనగామలో ఇంటిపట్టున కూర్చున్నదానివి, పూలమొక్కలకు నీళ్లు పోయడం తప్ప పని లేదు, నెలనెలా బిల్లు వచ్చే పోస్ట్‌పెయిడ్ నీకెందుకమ్మా అనేది. "ఊరందరికీ ప్రీపెయిడ్ చేసి ఇచ్చినదానివి, నీ ఫోనుకు చేసుకోవడానికి చేతులు రావా?" అని దెప్పేది. ఆ మాటకు నవ్వేసి మొక్కల దగ్గరికి పోయేదాన్ని. జవాబు ఉన్నా చెప్పేదాన్ని కాదు.

నా ఉద్యోగం ఒక టెలిఫోన్ కంపెనీలో. దాని పేరుతో ఇక్కడ పని లేదు. కస్టమర్ కౌంటర్ వెనక కూర్చుని జుట్టు తెల్లబరుచుకున్నాను, మొదట మహబూబాబాద్‌లో, చివర భూపాలపల్లిలో. కొత్తగా ఇలాంటి కొలువుల్లో చేరిన పిల్లలు కనబడితే, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడం అంటారు. వాళ్లకు నవ్వొచ్చే కథ కావాలి. అలాంటివి నా దగ్గర గంపెడున్నాయి. అయితే వాళ్లు అడిగిన ప్రతిసారీ నాకు ముందుగా గుర్తొచ్చేది మాత్రం నవ్వొచ్చేది కాదు. అదే ఇవాళ చెబుతున్నాను. మీకు పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

పోస్ట్‌పెయిడ్‌ను ప్రీపెయిడ్‌గా మార్చడం ఇప్పుడు చిటికెలో పని. అప్పట్లో మా దగ్గర అలా కాదు. నంబరు అదే ఉంటుంది గానీ పాత సిమ్ ఆపేసి కొత్త సిమ్ ఇవ్వాలి. పాతదాన్ని ఆపడం నా చేతిలోనే ఉండేది, ఒక్క మీట నొక్కితే ఆగిపోయేది. కొత్తది మోగాలంటే మాత్రం మా ఆఫీసరు తన కంప్యూటర్‌లో సరే అనాలి. ఈ రెండింటి నడుమ ఆ నంబరు ఎటూ కాకుండా పడి ఉండేది. ఎవరు ఫోన్ చేసినా కలిసేది కాదు.

అందుకే ఒక ప్రశ్న నా నోట్లో నానుతూ ఉండేది. "ఏ రోజైతే మీకు పర్వాలేదు?" ఇది మహబూబాబాద్‌లో దెబ్బ తిని నేర్చుకున్న పాఠం. అక్కడ ఒక మిర్చి వ్యాపారి ఫోనును సరిగ్గా మార్కెట్ రోజునే ఆపాను. ఆయన మర్నాడు వచ్చి నా టేబుల్ మీద ఎండుమిర్చి బస్తా మూతి విప్పాడు. ఆఫీసంతా తుమ్మింది. ఆనాటి నుంచి ఎవరొచ్చినా ముందు రోజు అడిగేదాన్ని. పెళ్లి ఉన్నవాళ్లు పెళ్లయ్యాక అనేవాళ్లు, భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికులు తమ సెలవురోజు చెప్పేవాళ్లు. అలా అడగడం వల్ల నేను చాలా జాగ్రత్త గల మనిషినని నాకు నేనే పేరు పెట్టుకున్నాను.

భూపాలపల్లి కౌంటరుకు ప్రతి నెలా ఒక ఆటో డ్రైవరు వచ్చేవాడు. కాటారం అవతల, అడవి అంచున ఒక పల్లె అతనిది. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న గుడ్డపీలిక ఉండేది. అది ఫోను తుడుచుకోవడానికి. అంత భద్రంగా ఫోను చూసుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు. దానికి కారణం ఉంది. వాళ్ల ఊరికి వాగు అవతల కొన్ని లంబాడీ తండాలు ఉన్నాయి. అంబులెన్సు వాగు దాకా వస్తే అదే గొప్ప. వాగు దాటి రాళ్లబాటలో తండా లోపలికి వెళ్లేది ఇతని ఆటో ఒక్కటే. కాన్పు నొప్పులన్నా, పురుగు ముట్టిందన్నా, అంటే పాము కరిచిందన్నా, పిల్లగాడికి ఫిట్స్ అన్నా ఇతనికే ఫోను. ఆ తండాల్లో చాలా ఇళ్ల గోడల మీద ఎర్రమట్టి జాజుతో ఇతని నంబరు రాసి ఉండేదట. మధ్యలో బ్యాలెన్స్ అయిపోయి దవాఖానకు ఫోన్ చేయలేకపోతే కష్టమని, అక్కడి డాక్టరమ్మ ఒకావిడ ఎప్పుడో అతనికి పోస్ట్‌పెయిడ్ ఇప్పించింది.

ఒక నెల వచ్చి, బిల్లు కట్టి వెళ్లకుండా నిలబడ్డాడు.

"అక్కా, నా ఫోను ప్రీపెయిడ్ చెయ్యరాదు?"

"ఎందుకు తమ్మీ? బాగానే నడుస్తుంది కదా."

"నడుస్తది గని, నెలకొక్కపారి గీ బిల్లు కట్టనీకి వస్తే నా దినమంత గీడనే పోతది. పోయిన నెల నేను మీ లైన్ల నిలవడ్డ. గప్పుడే తండల ఒక పిలగానికి పాము కరిచిందని ఫోను. నేను గీడ, బండి గీడ. ఆళ్ల నాయిన సైకిల్ మోటర్ మీద ఒళ్లె పండవెట్టుకొని తీస్కపోయిండు. బతికిండు గని, ఎవ్వల పున్నెమో. ప్రీపెయిడ్ అయితే మా ఊర్లె కిరాణ కొట్టులనే రీచార్జి ఏపిచ్చుకుంట. ఊరు ఇడిసి వచ్చే పనే ఉండదు."

ఇది గుర్తు పెట్టుకోండి. ఆ మనిషి తన సుఖం కోసం అడగలేదు. నెలకు ఒక రోజు కూడా వాళ్లకు దూరంగా ఉండకూడదని అడిగాడు.

నేను నా ప్రశ్న అడిగాను. "పొద్దున పాత సిమ్ ఆపితే సాయంత్రానికి కొత్తది మోగుతుంది. ఆ పూట ఫోను ఉండదు. ఏ రోజైతే నీకు పర్వాలేదు?"

అతను గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు. ఆదివారం వద్దన్నాడు, అంగడి రోజు వద్దన్నాడు. చివరికి మొహం వెలిగింది.

"అమాసనాడు జేద్దాం అక్కా. అమాసనాడు ఎవ్వరు ఇల్లు కదలరు. నేను గూడ బండి కడిగి, నిమ్మకాయ మిరపకాయలు గట్టి, కొబ్బరికాయ కొట్టి ఇంట్లనే ఉంట. ఇన్నేండ్ల సంది అమాసనాడు నా ఫోను మోగింది లేదు."

పక్క సీట్లో మా పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, కళ్లజోడు పైకెత్తి "ఓరి నీ తెలివి చల్లగుండ! నిన్ను గీ కుర్సీల కూసోవెట్టాలె" అన్నాడు. అందరం నవ్వాం. నాకైతే ముచ్చటేసింది. ఇంతకాలంలో ఎవరూ ఇంత చక్కటి రోజు చెప్పలేదు. అమాసనాడు అతను భూపాలపల్లి దాకా రాకుండా కొత్త సిమ్ ముందే చేతికిచ్చాను. నేను ఇక్కడ పాతది ఆపగానే అది ఫోనులో వేసుకుని ఉంటే, సాయంత్రానికి దానంతటదే మోగుతుందని చెప్పాను. సిమ్‌ను గుడ్డపీలికలో చుట్టి జేబులో పెట్టుకుని వెళ్లాడు.

అమావాస్య వచ్చింది. కౌంటరు తెరవగానే అతని పాత సిమ్ ఆపేశాను. కొత్తదాన్ని ఆఫీసరుకు పంపించి నా పనిలో పడ్డాను. సాయంత్రానికి అని చెప్పినా, మామూలుగా గంటా రెండు గంటల్లో అయిపోయే పని అది. కాస్త పొద్దెక్కాక చూస్తే పంపింది పంపినట్టే ఉంది. లోపలికి వెళ్లి చూస్తే ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన రోజూ హనుమకొండ నుంచి వచ్చేవాడు. ఫోన్ చేశాను.

"ఇవ్వాళ అమావాస్య కదమ్మా. మా ఇంట్లో ప్రయాణం పెట్టుకోవద్దన్నారు. రేపు పొద్దున్నే వచ్చి చేసేస్తా" అన్నాడు.

అమాసనాడు ఎవ్వరూ ఇల్లు కదలరని విని మురిసిపోయిన మనిషిని, మా ఆఫీసరు కూడా ఆ ఎవ్వరిలో ఉంటాడని నాకు తట్టలేదు. ఆయన ప్రతి అమావాస్యకూ సెలవు పెట్టేవాడని ఆఫీసులో ఊడ్చే అమ్మకు కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసినవి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు, అంతే. ఆపిన సిమ్‌ను మళ్లీ లేపే మీట నా దగ్గర లేదు. వరంగల్‌లో ఇంకో ఆఫీసరు కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన భోజనానికి వెళ్లాడన్నారు, మీటింగులో ఉన్నాడన్నారు. నా మనసేదో కీడు శంకించిందని మాత్రం చెప్పను. సాయంత్రానికి అని మాట ఇచ్చాను, మాట పోతుందని నా ఆరాటం. పొద్దు వాలే వేళకు ఆయన చేత ఆ పని చేయించాను.

కొత్త సిమ్‌కు నేనే మొదటి ఫోన్ చేశాను. మోగింది. అతను ఎత్తి, "అక్కా, వచ్చింది!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. "మంచిరోజే వెట్టుకున్నం. ఎవ్వలన్న ఇంటికొచ్చి పిలుస్తరేమో అని చూసిన. ఒక్కలు గూడ రాలే" అన్నాడు. నేను హాయిగా ఇంటికి వెళ్లి పప్పుచారు చేసుకుని తిన్నాను.

మర్నాడు కౌంటరు తెరవకముందే అతని ఫోను వచ్చింది. ఆ గొంతు నేను గుర్తుపట్టలేదు.

వాగు అవతలి తండాలో ఒక అమ్మాయికి తొలిచూలు. అమాసనాడు పొద్దున నొప్పులు మొదలయ్యాయి. ఆమె భర్త గోడ మీది నంబరు చూసి, సిగ్నల్ దొరికే గుట్టెక్కి ఫోన్ చేశాడు. కలవలేదు. మళ్లీ చేశాడు. అంబులెన్సుకు చేస్తే అది వేరే కాన్పు మీద వెళ్లింది, తిరిగొచ్చాక వాగు దాకా వస్తామన్నారు. ఇక్కడ ఒక్క పని చేసి ఉంటే సరిపోయేది. వాగు దాటి ఆటో అన్న ఇంటికి ఎవరైనా నడిచి వెళ్లి ఉంటే, కడిగి తుడిచిన బండి పక్కన అతను ఊరికే కూర్చుని కనబడేవాడు. కానీ ఎవరూ వెళ్లలేదు. అమాస గదా, బండి తియ్యొద్దని ఫోను బందు పెట్టుకున్నాడు, పోయి పిలిచినా రాడు అని తండా అంతా అనుకుంది. ఎడ్లబండి కట్టారు. రాళ్లబాటలో వాగు దాటి రోడ్డెక్కేసరికి చాలా ఆలస్యమైంది. తల్లి బతికింది. బిడ్డ ఏడవలేదు.

"ఇంటికి ఎవ్వలు రాకపోతే, ఎవ్వలు పిల్వలేదనుకున్న అక్కా" అన్నాడు అతను. "పిలుస్తనే ఉన్నరట."

ఆ రోజు కౌంటరులో నేను ఎవరికి ఏం చెప్పానో నాకు గుర్తులేదు. పక్కసీటు పెద్దాయన, కుర్చీలో కూర్చోబెట్టాలన్న ఆయన, మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. ఆఫీసరుకు విషయం చెప్పాను. ఆ తర్వాత వచ్చిన ప్రతి అమావాస్యకూ ఆయనే అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చేవాడు.

కొన్ని రోజులకు ఆ అమ్మాయి భర్తే కౌంటరు ముందు నిలబడ్డాడు. ఇరవై దాటిన మనిషి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. వెనక ఆటో డ్రైవరు తల వంచుకుని నిలబడ్డాడు. తిట్టడానికి వచ్చారనుకుని లేచాను. తిడితే పడదామనే అనుకున్నాను.

"మేడం, మీరొకపారి మా తండకు రావాలె" అన్నాడు ఆ అబ్బాయి. "అన్న ఫోను బందు వెట్టుకున్నడని మా అమ్మ ఊరూర చెప్పింది. గిప్పుడు అన్నను ఎవ్వలు పిలుస్తలేరు. నిన్న ఒకామెను మళ్ల ఎడ్లబండి మీదనే తీస్కపోయిండ్రు. అన్న నాకు అసలు సంగతి చెప్పిండు. నేను చెప్తే మా అమ్మ ఇంటలేదు. మీరు చెప్తే ఇంటరు."

ఆ అబ్బాయి బిడ్డను పోగొట్టుకుని వచ్చింది నన్ను నిలదీయడానికి కాదు, ఇంకొకరి బిడ్డ పోకుండా చూడటానికి. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. కౌంటరు మీద ఏడ్చిన మొదటి రోజూ చివరి రోజూ అదే.

సెలవు రోజున అదే ఆటోలో వెళ్లాను. కాటారం దాటాక పొలాలు, ఆ తర్వాత చెట్లు, ఆపైన వాగు. అతను బండిని నీళ్లలోకి దించుతుంటే గట్టిగా పట్టుకున్నాను. నేను నంబర్లు ఆపుతూ, లేపుతూ బతికాను గానీ ఒక నంబరు ఎంత దూరం ప్రయాణం చేసి ఏ ఇంటికి చేరుతుందో అప్పటిదాకా చూడలేదు. తండాలో మొదటి ఇంటి గోడ మీదే కనబడింది, ఎర్రటి జాజుతో, వంకర అంకెలతో. రెండో ఇంటి మీద కూడా. కొన్ని గోడల మీద దాన్ని కొత్తగా పేడతో అలికేశారు.

ఆ అబ్బాయి ఇంటి ముందు మంచం వేశారు. బాలింత గడపలో కూర్చుని ఉంది, ఒళ్లో ఏమీ లేని బాలింత. ఆమెను చూడటం నా వల్ల కాలేదు. అత్తగారు, ముసలావిడ, మోచేతుల దాకా తెల్లగాజులు, నా ఎదురుగా నేల మీద కూర్చుంది. నేను మొత్తం చెప్పాను. ఫోను అతను ఆపలేదని, నేను ఆపానని, ఎందుకు ఆపాల్సి వచ్చిందో, అమాస ఎందుకు పెట్టుకున్నామో, సాయంత్రం దాకా ఎందుకు పట్టిందో. కొడుకు వాళ్ల భాషలో చెబుతూ పోయాడు. చుట్టూ చేరినవాళ్లు ఆటో డ్రైవరు వైపు చూశారు. ఒక పెద్దమనిషి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. అతను తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

ముసలావిడ మాత్రం నా వైపే చూస్తూ వాళ్ల భాషలో ఏదో అడిగింది. కొడుకు చెప్పడానికి తటపటాయించాడు. ఆమె మళ్లీ అదే మాట గట్టిగా అంది.

"ఏమంటుంది?" అన్నాను.

"ఫోను ఏ దినం ఆపాలెనని అన్నను అడిగిండ్రట గదా" అన్నాడు ఆ అబ్బాయి నెమ్మదిగా. "నంబరు మా గోడ మీద ఉన్నది, మమ్ములనెందుకు అడగలే అంటుంది."

ఎవరి పేరు మీద సిమ్ ఉందో వాళ్లను అడగాలని మా రూల్. దాన్ని మించి ఆలోచించే పని మాకెవరూ పెట్టలేదు. నన్ను ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఆ ఒక్క మాట అడిగి, లోపలికి వెళ్లి నాకు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

తిరిగి వచ్చేముందు ఆ అబ్బాయిని ఒక గిన్నెలో కొంచెం జాజు కలిపి తెమ్మన్నాను. అలికేసిన గోడల మీద ఆటో డ్రైవరు నంబరు మళ్లీ రాశాడు. దాని కింద నా నంబరు నేనే రాశాను. ఇది కలవకపోతే అది, అది కలవకపోతే ఇది అని చెప్పాను. నా చేతిరాత చూసి ఆడపిల్లలు నవ్వారు, గోడ మీద రాయడం నాకు అలవాటు లేదు కదా. ముసలావిడ నవ్వలేదు గానీ, నేను గిన్నె కింద పెట్టగానే తన కొంగుతో నా వేళ్లకు అంటిన ఎరుపు తుడిచింది.

ఆ తర్వాత నాకు ఫోన్లు వచ్చేవి. "ఆటో అన్న కలుస్తలేడు అక్కా" అనేవాళ్లు. అతని భార్యకు చేసేదాన్ని, కిరాణ కొట్టుకు చేసేదాన్ని, కాటారంలో ఇంకో ఆటో అబ్బాయికి చేసేదాన్ని. ఎవరో ఒకరు దొరికేవారు. అన్నిసార్లూ సమయానికి చేరారని చెప్పను. చాలాసార్లు చేరారు. బిడ్డను పోగొట్టుకున్న ఆ అమ్మాయికి తర్వాత ఒక ఆడపిల్ల పుట్టింది, ఆ కబురు చెప్పే ఫోను మాత్రం ఆటోలోంచే వచ్చింది, పిల్ల ఏడుపుతో సహా. పోయిన బిడ్డకు అది సాటి అని వాళ్లూ అనలేదు, నేనూ అనుకోను. ఒకటి తెస్తే ఒకటి చెల్లే లెక్క కాదు అది.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన పడింది. అంబులెన్సు తండా లోపలికే వెళుతుందట. నాకు అక్కడి నుంచి పిలుపు వచ్చి చాలా కాలమైంది. కానీ ప్రతి అమావాస్య పొద్దున ఆటో డ్రైవరు ఫోన్ చేస్తాడు. "అక్కా, నీది కలుస్తుందా?" అంటాడు. "కలుస్తుంది తమ్మీ, నీది?" అంటాను. ఇద్దరం పెట్టేస్తాం. ఆ ముచ్చట మా అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు.

పోయిన నెల తను పట్టుబట్టి నన్ను జనగామలోనే కౌంటరుకు తీసుకెళ్లింది. నేనూ మెత్తబడ్డాను. వంతెన పడింది కదా, ఇక ఎవరు చేస్తారులే అనుకున్నాను. కౌంటరులో కూర్చున్న పిల్ల నా మనవరాలి ఈడుది, చకచకా అన్నీ రాసుకుంది. ఇప్పుడు పెద్దగా టైం పట్టదు మేడం, మధ్యలో కాసేపు మాత్రం ఫోన్ ఉండదు అంది. తర్వాత కలెండర్ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, నేను కొన్ని వేలసార్లు అడిగిన ప్రశ్న నన్ను అడిగింది.

"ఏ రోజైతే మీకు పర్వాలేదు?"

మా అమ్మాయి నా మొహం చూసి కంగారుపడింది. ఆ పిల్ల పెన్ను పట్టుకుని ఇంకా నా జవాబు కోసం చూస్తోంది. పాపం, దాని తప్పేముంది? దానికి నేర్పినట్టే అడిగింది.

"నన్ను అడిగితే సరిపోదమ్మా" అన్నాను. "గోడల మీద రాసుకున్నవాళ్లను అడగాలి."

కాగితాలు వెనక్కి తీసుకుని లేచాను. దారి పొడుగునా మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. ఇంటికొచ్చాక తను నా ఫోను తీసుకుని చార్జింగ్‌కు పెట్టింది.